ఇల్లలకగానే పండుగ కాదు

రాజధాని నుంచి వారం వారం వ్రాసే ఈ లేఖలో మంత్రివర్గాల మార్పులు, పార్లమెంటులో వాగ్వాదాలు, కొత్త పథకాల ప్రకటనలు చోటు చేసుకోవడం పాఠకులకు అలవాటైన విషయమే. ఈ వారం మాత్రం ఒక మోటారు షెడ్డులోని నేలను గురించి వ్రాయదలచుకున్నాను. విషయం మరీ చిన్నదని కొందరు నొసలు చిట్లించవచ్చు. కాని మనిషి నిలబడి పనిచేసే నేల కన్నా మౌలికమైన విషయం మరేమున్నది? ఢిల్లీలో కూర్చుని చూసేవారికి దేశంలోని నేలలన్నీ నునుపుగానే కనిపిస్తాయి. వాటిపై నడిచేవారికి, పడుకుని బండి అడుగున మరలు బిగించేవారికి మాత్రమే వాటి అసలు స్వరూపం తెలుస్తుంది.

ఇటీవల పనిమీద రాయపూర్ వెళ్లాను. ఛత్తీస్‌గఢ్ రాజధాని అయిన ఈ నగరం తెలుగువారికి పరాయిది కాదు. 1931లో రాయపూర్ - విజయనగరం రైలుమార్గం పూర్తి అయింది. 1933లో విశాఖ రేవు ప్రారంభమైంది. నాటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల జనం ఈ మార్గం వెంట బ్రతుకు తెరువు వెదుక్కుంటూ వస్తూనే ఉన్నారు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం సమీపంలోని భిలాయిలో ఉక్కు కర్మాగారం వెలిసి, 1959 ఫిబ్రవరిలో మొదటి కొలిమి రాజుకున్న తరువాత ఈ వలస మరింత పెరిగింది. విశాఖ నుంచి నిజాముద్దీన్ పోయే సమతా ఎక్స్‌ప్రెస్ రాయపూర్ స్టేషనులో ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద తెలుగు మాట వినిపించకుండా ఉండదు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 464 కిలోమీటర్ల నిడివిగల రాయపూర్ - విశాఖపట్నం ఆరు వరుసల రహదారిలో ఛత్తీస్‌గఢ్ భాగానికి 2023 జూలై 7న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రహదారులు పెరిగితే వాహనాలు పెరుగుతాయి. వాహనాలు పెరిగితే వాటిని బాగుచేసే షెడ్లు పెరుగుతాయి. కావున ఈ షెడ్ల మంచిచెడ్డలు మనకు సంబంధించనివని అనుకోవడానికి వీలు లేదు.

టాటీబంద్ వైపున అటువంటి షెడ్డు నడిపే ఒక తెలుగు పెద్దమనిషిని కలిశాను. ఆయన తండ్రి బొబ్బిలి ప్రాంతం నుంచి రైల్వేలో కలాసీగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కుమారుడు చిన్నతనంలోనే పానా చేతబట్టి, ఇరవై ఏళ్ల క్రితం సొంతంగా షెడ్డు పెట్టుకున్నారు. నలుగురు కుర్రవాళ్లకు ఆయన గురువు. వారికి ఆయన ‘ఉస్తాదు’. నన్ను లోపలికి తీసుకుపోయి, కుర్చీ చూపించే ముందు నేల చూపించారు.

ఆ నేల చూడదగినదే! మధ్యమధ్య బూడిదరంగు మెరుపు. చక్రాలు నిలిచే చోటులన్నీ రొట్టె పొరలు లేచినట్లు లేచిపోయి, క్రింద నుంచి నల్లని పాత సిమెంటు బయటపడి ఉన్నది. గోటితో గీరితే పొర చేతికి వస్తున్నది. “మూడు నెలల సంపాదన దీనిమీద పోశాను బాబూ! విశ్వకర్మ పూజనాటికి అద్దంలా ఉంది. దీపావళికల్లా ఇలా అయిపోయింది,” అన్నారు ఆయన.

జరిగిన కథ ఇది. పెద్ద కంపెనీల సర్వీసు కేంద్రాలలో నేల తళతళలాడడం చూసి, తమ షెడ్డు కూడా అలా ఉంటే కార్లవారు నాలుగు మెట్లు దిగివస్తారని మేనల్లుడు సలహా చెప్పాడు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ. ఆనాటికి పని పూర్తి కావాలన్న తొందరలో, ఆగస్టు నెలలో, వానలు ఉధృతంగా ఉన్న రోజులలో ఒక కంట్రాక్టరును పిలిచారు. అతడు రెండు రోజులలో నేల ఊడ్చి, సబ్బునీళ్లతో కడిగి, ఎపాక్సీ పూత పూసి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. పొర లేచిన తరువాత నిలదీస్తే, “మా మందులో లోపం లేదు, మీ నేలలోనే లోపం ఉంది,” అని సమాధానం చెప్పాడట!

ఈ సమాధానంలో ఒక విశేషమున్నది. అతడు చెప్పినది నిజమే. కాని ఆ నిజాన్ని డబ్బు పుచ్చుకున్న తరువాత కాక, డబ్బా మూత తీయక ముందు చెప్పవలసి ఉన్నది. మన పెద్దలు ‘ఇల్లలకగానే పండుగ కాదు’ అన్నారు. అలుకుటకు ముందు గోడ వారలు సరిచేసి, గుంతలు పూడ్చి, మట్టి మెత్తి, ఆరనిచ్చి, అటు తరువాత పేడనీళ్లు చల్లే ఇల్లాలికి ఈ శాస్త్రం తెలుసు. రసాయనాల డబ్బాలు అమ్మేవారికి తెలియదని అనుకోలేము. తెలిసీ చెప్పరు, చెబితే అమ్మకం ఆలస్యమవుతుంది.

అసలు ఈ పూత ఎందుకు నిలవలేదు? దీనికి సమాధానం నేలను అర్థం చేసుకోవడంలో ఉన్నది. సిమెంటు కాంక్రీటు రాయివలె కనిపించినా అది రాయి కాదు. సన్నని రంధ్రాలతో నిండిన ఒక స్పంజి వంటి పదార్థం. క్రిందనున్న భూమిలోని తేమ ఆ రంధ్రాల గుండా ఆవిరియై నిరంతరం పైకి వస్తూనే ఉంటుంది. నేల బోడిగా ఉన్నంతకాలం ఆ ఆవిరి గాలిలో కలిసిపోతుంది, మనకు కనిపించదు. గాలి చొరని పొరతో నేలను మూసివేసిన మరుక్షణం నుంచి ఆ తేమ పొర క్రింద చేరి దానిని పైకి నెట్టడం ప్రారంభిస్తుంది. వానాకాలంలో నేల నీరు త్రాగి ఉన్న సమయాన పూత పూయడమంటే, ఉడుకుతున్న కుండ మీద మూత వేసి పిండి అంటించడం వంటిది.

రెండవ శత్రువు నూనె. ఇరవై ఏళ్లు ఇంజను ఆయిలు కారిన నేల పైపైన కడిగితే శుభ్రపడదు. నూనె లోలోపలికి ఇంకిపోయి ఉంటుంది. నూనె మీద ఏ జిగురూ అంటదని అప్పడాలు వత్తే వారికి కూడా తెలుసు. మూడవది, సిమెంటు పాలు. తాపీ మేస్త్రీ నునుపు కోసం నీళ్లు చల్లి చల్లి చేతిపలకతో రుద్దినప్పుడు, బలంలేని సన్నని గుండవంటి పొర పైకి తేలి ఆరిపోతుంది. పూత ఈ గుండను గట్టిగానే పట్టుకుంటుంది. గుండ మాత్రం క్రింది కాంక్రీటును పట్టుకోదు. ఫలితంగా రెండూ కలిసి లేచివస్తాయి. నాల్గవది చక్రాల వేడి. రోడ్డు మీద పరుగెత్తి వచ్చిన బండి టైరు వేడిగా ఉంటుంది. రబ్బరులోని కొన్ని రసాయనాలు పలుచని పూతను మెత్తబరుస్తాయి. టైరు చల్లారి ముడుచుకొనేటప్పుడు మెత్తబడిన పొరను పట్టి లాగుతుంది. చక్రాలు నిలిచిన చోటనే పొర ముందుగా ఊడిపోవడానికి కారణం ఇదే.

రాయపూర్ పరిసరాలలో మరొక చిక్కు కూడా ఉన్నది. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ భూములను భాటా, మటాసీ, దోర్సా, కన్హార్ అని విభజించి చెబుతారు. భాటా గులకతో కూడిన ఎర్రనేల. కన్హార్ మన నల్లరేగడి వంటిది. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారడం రేగడి స్వభావం. దానిమీద తగినంత మొరం, ఇసుక నింపి దిమ్మిస కొట్టకుండా కాంక్రీటు పోస్తే, ఏడాదిలో రెండుసార్లు నేల కదులుతుంది. కదిలే పగులును ఏ పూతా కప్పిపెట్టలేదు. గుంటూరు, కర్నూలు రేగడి ప్రాంతాలలో ఇళ్లు కట్టుకున్నవారికి ఈ బాధ వివరించవలసిన పనిలేదు.

మరి ఏమి చేయాలి? పూతలే వద్దని నా వాదం కాదు. బోడి సిమెంటు నేల నిరంతరం దుమ్ము రేపుతుంది, నూనెను త్రాగుతుంది, బ్యాటరీ ఆమ్లానికి కరిగిపోతుంది. మంచి పూత ఈ మూడింటిని అరికడుతుంది. అయితే దేనికి ఏది తగునో ఎంచుకోవడంలో వివేకం కావాలి. దుకాణాలలో ‘ఫ్లోర్ పెయింటు’ పేర అమ్మే ఒక డబ్బా రంగు పలుచనిది. అది నడిచే వరండాలకు చాలుతుందేమో గాని, బండ్ల బరువుకు ఆగదు. ఎపాక్సీ అనేది రెండు భాగాల పదార్థం. ఒక దానిలో రెజిన్, రెండవ దానిలో దానిని గట్టిపరచే ద్రవ్యం ఉంటాయి. రెండూ కలిసి, రసాయనిక చర్య జరిగి, రాయివలె గట్టిపడుతుంది. 1946లో స్విట్జర్లాండులో సిబా కంపెనీ అరాల్డైట్ పేర బయటపెట్టిన జిగురు ఈ జాతిదే. విరిగిన పింగాణీ అతికించడానికి రెండు గొట్టాలలోని ముద్దలు కలిపిన ప్రతి గృహస్థుకూ ఇది పరిచయమే. అయితే ఎపాక్సీకి ఎండ పడదు. సూర్యరశ్మికి పసుపు పడి, సుద్దవలె రాలుతుంది. అందుచేత వాకిలి తెరచి ఉండే షెడ్లలో ఎపాక్సీ మీద పాలీయూరిథేన్ పూత అవసరమవుతుంది.

సొంత కారు ఒకటి నిలుపుకునే ఇంటివారికి, నేల పొడిగా ఉన్న పక్షంలో, ప్రైమరుతో కూడిన రెండు కోట్ల ఎపాక్సీ సరిపోతుంది. స్కూటర్లు, కార్లు బాగుచేసే షెడ్డుకు రెండు మూడు మిల్లీమీటర్ల మందం కలిగి, సన్నని స్ఫటిక ఇసుక కలిపి గరుకు చేసిన పూత కావాలి. లారీల షెడ్డుకు మాత్రం పూతల జోలికే పోకుండా ఉండడం మేలని నా అభిప్రాయం. ఇనుప జాకీలు, ఇరుసులు పడే చోట కావలసినది రంగు కాదు, రాయి. కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాలలో ఇందుకు తగిన పద్ధతి ఏనాటి నుంచో ఉన్నది. క్రింద 40 మిల్లీమీటర్ల కాంక్రీటు, దానిమీద గట్టిపరచే ద్రవ్యం కలిపిన 12 మిల్లీమీటర్ల పైపొర, మొత్తం 52 మిల్లీమీటర్లు. లేదా యంత్రంతో అదనపు నీటిని పీల్చివేసి, తిరిగే చక్రంతో నునుపు చేసే ‘ట్రిమిక్స్’ పద్ధతి ఉన్నది. పాత నేల గట్టిదై, దుమ్ము మాత్రమే బాధిస్తున్నట్లయితే, సిలికేటు ద్రావణం పట్టించినా చాలు. అది కాంక్రీటులోని సున్నంతో కలిసి రంధ్రాలలోనే గట్టిపడుతుంది. పైపొర కాదు గనుక ఊడిపోయే ప్రశ్న లేదు. మన తాతల నాటి గచ్చు రహస్యం కూడా పైపూతలో లేదు. సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, గానుగలో రుబ్బి, బెల్లం, కరక్కాయల నీరు చేర్చి, దిమ్మిస కొట్టి కొట్టి సాధించిన గట్టిదనం అది.

ఎంపిక తరువాత తయారీ. కొత్త కాంక్రీటును 28 రోజులు గడవనిదే కప్పరాదు. ఈ ప్రాంతాన కొలిమి చిట్టెం, బూడిద కలిసిన సిమెంట్ల వాడుక ఎక్కువ. అవి మంచివే, కాని మెల్లగా బలపడతాయి. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలనీ, మిశ్రమ సిమెంటుకు గాని, వేడిగాలులు వీచే చోట గాని 10 రోజులకు తగ్గరాదనీ, మిశ్రమ సిమెంటుకు 14 రోజులైతే మేలనీ భారతీయ ప్రమాణం 456 చెబుతున్నది. మూడు రోజులు తడిపి నాలుగవ రోజు చేతులు దులుపుకునే కంట్రాక్టర్లను మనమెరుగుదుము.

పాత నేల అయితే ముందుగా పరీక్ష చేయాలి. అడుగున్నర చదరపు పాలిథిన్ కాగితాన్ని నేలమీద పరచి, నాలుగు వైపులా గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు వదలివేయాలి. తీసి చూసినప్పుడు క్రింద నీటి బొట్లు గాని, నేల నల్లబడడం గాని కనిపిస్తే, ఆ నేల పూతకు సిద్ధంగా లేదని అర్థం. దీనికి అయ్యే ఖర్చు ఒక కాగితపు ముక్క, ఒక రాత్రి! మూడు నెలల సంపాదనను కాపాడగల ఈ పరీక్షను మన ఉస్తాదుకు ఎవరూ చెప్పలేదు. రెండవ పరీక్ష ఇంకా తేలిక. నేలమీద నాలుగు నీటి చుక్కలు వేయాలి. వెంటనే ఇంకితే నేల పూతను పట్టుకుంటుంది. తామరాకు మీద నీటిబొట్టువలె నిలిస్తే నూనె గాని, పాత పొర గాని ఇంకా ఉన్నట్లే.

నూనె మరకలను రంపపు పొట్టుతో పీల్పించి, క్షారంతో రుద్ది కడిగిన తరువాత, యంత్రంతో పైపొరను గీకివేయడం ఉత్తమం. ఆమ్లంతో కడగడం రెండవ పక్షం. ఆమ్లాన్ని నీటిలో పోయాలేగాని, నీటిని ఆమ్లంలో పోయరాదు. తరువాత మిగిలిన ఆమ్లం పూర్తిగా పోయేదాకా కడిగి, మళ్లీ ఆరనివ్వాలి. కదలని పగుళ్లను వెడల్పు చేసి పూడ్చాలి; కదిలే పగుళ్లను సాగే పదార్థంతో నింపి, అతుకులుగానే ఉంచాలి.

చివరిది కాలం. రాయపూర్ వేసవి సంగతి అనుభవించినవారికి తెలుసు. ఎపాక్సీ కలిపిన తరువాత బకెట్టులోనే వేడెక్కుతుంది. వాతావరణంలో ప్రతి 10 డిగ్రీల వేడి పెరుగుదలకు పని చేసుకొనే వ్యవధి సుమారు సగానికి తగ్గుతుంది. నడివేసవి మధ్యాహ్నం కలిపితే పూయక ముందే బకెట్టులో రాయి అవుతుంది. దానిని పలుచన చేయడానికి థిన్నరు పోసే అలవాటు పూతను చంపుతుంది. వానాకాలంలో గాలిలోని తేమ వల్ల పైన జిడ్డు తెర ఏర్పడుతుంది. నేల ఉష్ణోగ్రత మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది నియమం. కావున దసరా, దీపావళులు దాటి నేల ఆరిన తరువాత, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఎండ ఎక్కిన వేళ ఈ పని చేసుకోవడం ఉత్తమం. విశ్వకర్మ పూజకు పూత పూయవలెనన్న ముచ్చటే ఉంటే, ముందటి మాఘమాసంలోనే పూసుకోవలసి ఉన్నది.

ఇంతవరకు వ్రాసినది తాపీ మేస్త్రీ చెప్పవలసిన మాట. ఢిల్లీ విలేఖరి దీనిలో తల దూర్చడానికి కారణమున్నది.

ఇక్కడ బహదూర్‌షా జఫర్ మార్గంలో, పత్రికా కార్యాలయాలున్న వీధిలోనే, మానక్ భవన్ అనే కట్టడమున్నది. 1947లో ఏర్పడిన భారతీయ ప్రమాణాల సంస్థకు వారసురాలుగా 1987 ఏప్రిల్ 1 నుంచి పనిచేస్తున్న బ్యూరో కార్యాలయం అది. సిమెంటు కాంక్రీటు గచ్చు వేసే విధానానికి 2571వ ప్రమాణం 1970లోనే వెలువడింది. ఎపాక్సీ రెజిన్ నేలల విధానానికి 4631వ ప్రమాణం సవరించిన రూపంలో 1986 నుంచి ఉన్నది. అనగా మన ఉస్తాదు పానా పట్టకముందే ఆయన నేలను గురించి నిపుణులు కూర్చుని, ఆలోచించి, అచ్చువేసి పెట్టారు. అయితే ఆ పుస్తకాలు చిరకాలం వెల కట్టి అమ్మబడ్డాయి. ప్రజల క్షేమం కోసం వ్రాసిన నియమాలను ప్రజలు కొనుక్కొని చదవవలసి రావడమేమిటని 2015లో ఢిల్లీ హైకోర్టులో ఒక వ్యాజ్యం దాఖలైంది. దాఖలు చేసినవారిలో అమెరికాకు చెందిన కార్ల్ మలముద్ సంస్థతోపాటు తెలుగువాడైన శ్రీనివాస్ కొడాలి కూడా ఉండడం మనం గర్వించదగిన విషయం. తరువాతి కాలంలో బ్యూరోవారు స్వదేశీ ప్రమాణాలను ఉచితంగా అందుబాటులో ఉంచారు. సంతోషించవలసినదే. కాని ఉచితమైనంత మాత్రాన చదువబడదు. ఇంగ్లీషులోని ఆ నిబంధనలు టాటీబంద్ మేస్త్రీకి గాని, తాడేపల్లిగూడెం మేస్త్రీకి గాని ఏ విధంగా ఉపకరిస్తాయి? తాళం తీసి, గది చీకటిలో ఉంచినట్లున్నది.

పన్నుల సంగతి మరింత విచిత్రం. 2018 జూలై 27 నుంచి రంగులు, వార్నిష్‌ల మీద వస్తుసేవల పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. సిమెంటు మీద మాత్రం 28 శాతం అలాగే ఉంచి, 2025 సెప్టెంబరు 22 నుంచి గాని 18 శాతానికి దించలేదు. అంటే ఏడేళ్లకు పైగా ఈ దేశంలో పైన పూసే దానికి తక్కువ పన్ను, క్రింద పోసే దానికి ఎక్కువ పన్ను! ‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెతను పన్నుల పట్టికగా మార్చిన ఘనత మన కౌన్సిలుకు దక్కింది. ఇప్పుడు సరిచేశారు, ఆలస్యమైనా మంచిదే.

అసలు రోగం మన చెల్లింపు పద్ధతిలో ఉన్నది. ప్రభుత్వ కార్యాలయమైనా, ప్రైవేటు షెడ్డు అయినా మనం చదరపు అడుగుల లెక్కన, మెరుపును చూసి డబ్బు చెల్లిస్తున్నాము. నేల గీకడానికి, నూనె తీయడానికి, ఆరనివ్వడానికి పట్టే శ్రమ బిల్లులో విడిగా కనిపించదు. కనిపించని పనిని తగ్గించుకున్నవాడే తక్కువ ధరకు టెండరు వేయగలడు. తక్కువ ధర వేసినవానికే పని దక్కుతుంది. ఈ విధంగా నిజాయితీగా పనిచేసే మేస్త్రీని మన నియమాలే పోటీ నుంచి తప్పిస్తున్నాయి. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించే పెద్దలు అద్దంవంటి నేలను చూసి మెచ్చుకుంటారు. ఏడాది తరువాత ఆ నేలను చూడడానికి మాత్రం ఎవరూ రారు.

నా సూచనలు మూడు. మొదటిది: పూత పనికి ఒప్పుకున్న మొత్తంలో కొంత భాగాన్ని ఒక వేసవి, ఒక వానాకాలం గడిచేవరకు నిలిపి ఉంచాలి. పెద్ద ప్రభుత్వ పనులలో లోపాల బాధ్యతా కాలం అనే పద్ధతి ఉండనే ఉన్నది. చిన్న పనులకు, ప్రైవేటు ఒప్పందాలకు కూడా దానిని అలవాటు చేయాలి. రెండవది: తేమ పరీక్ష, నీటిచుక్క పరీక్ష చేసి, ఇద్దరూ సంతకం చేసిన చీటీ లేనిదే పని ప్రారంభించరాదు. అప్పుడు ‘మీ నేలలోనే లోపం’ అన్న మాట ముందే బయటపడుతుంది. మూడవది: గచ్చు, కాంక్రీటు, పూతలకు సంబంధించిన ప్రమాణాలను తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ భాషలలో, బొమ్మలతో, చిన్న పుస్తకాలుగా అచ్చువేసి ఐటీఐలకు, భవన నిర్మాణ కార్మికులకు పంచాలి. డబ్బు లేదనడానికి వీలు లేదు. 1996 నాటి చట్టం క్రింద నిర్మాణ వ్యయంపై కార్మిక సంక్షేమం కోసం సెస్సు వసూలు చేయడం ప్రారంభించారు. 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలోనూ ఆ ఏర్పాటు కొనసాగింది. ఆ నిధిలో ఒక చిన్న పాయ ఇటు మళ్లిస్తే చాలు.

చిన్న షెడ్డువాడు నెల రోజులు పని మానుకుని నేల ఆరబెట్టుకుంటూ కూర్చోగలడా అని ఎవరైనా అడుగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. రోజువారీ రాబడి మీద బ్రతికేవానికి ఎదురుచూడడం కూడా ఒక ఖర్చే. అందుకే అటువంటివారికి నా సలహా మెరుపు జోలికి పోవద్దనే. షెడ్డును రెండు భాగాలు చేసి, ఒక భాగం తరువాత ఒకటిగా గట్టి కాంక్రీటు వేయించుకుని, సిలికేటు పట్టించుకుంటే పని ఆగదు, నేల నిలుస్తుంది. ఒకసారి తప్పుగా పూసినవాడు దానిని గీకించడానికి మళ్లీ డబ్బు పోయాలి. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

మరొక మాట చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. ఆ షెడ్డులో ఊడిపోయినది పూత ఒక్కటే కాదు. ఇసుక కలపని ఆ అద్దపు నేల మీద నూనె చిందినప్పుడు, ఇంజను భాగం మోసుకుపోతున్న కుర్రవాడు జారిపడి మణికట్టు విరగగొట్టుకున్నాడు. ఆరు వారాలు పనిలేదు. ఉస్తాదు దయగలవాడు గనుక సగం జీతం ఇచ్చారు. అందరు కుర్రవాళ్లకూ అటువంటి ఉస్తాదులు దొరకరు. ఇక నేల గీకేవారు పీల్చే రాతి దుమ్ము ఊపిరితిత్తులను రాయి చేస్తుంది. గట్టిపరచే ద్రవ్యం చర్మానికి తగిలితే దద్దురులు లేచి, కొందరికి జీవితకాలపు బాధగా మిగులుతుంది. ముఖానికి తగిన ముసుగు, చేతులకు తొడుగులు, నీటితో తడిపి గీకే యంత్రం విలాసాలు కావు. నేల మన్నిక గురించి ఇన్ని ప్రమాణాలు వ్రాసుకున్న మనం, ఆ నేల వేసే మనిషి మన్నికను గురించి కూడా ఆలోచించవలసి ఉన్నది.

నేను బయలుదేరేటప్పుడు ఆ కుర్రవాడే చేయి కూడదీసుకుని టీ తెచ్చి ఇచ్చాడు. “ఈసారి ఏమి చేయదలచుకున్నారు?” అని ఉస్తాదును అడిగాను. ఆయన నవ్వి, మూలనున్న పాలిథిన్ ముక్కను చూపించారు. నాలుగు వైపులా టేపు అంటించి ఉన్నది. ముందురోజు సాయంత్రం నేను చెప్పిన పరీక్ష అది. మేమిద్దరం వంగి చూశాము. కాగితం లోపలివైపు సన్నని చెమట పట్టి ఉన్నది.

“అయితే ఇప్పుడు కాదు బాబూ, నేల ఇంకా ఆరలేదు. చలికాలం దాకా ఆగుతాను,” అన్నారు ఆయన.

ఆగడం నేర్చుకున్న ఆ పెద్దమనిషికి నమస్కరించి వచ్చాను. శంకుస్థాపనల తేదీలు ముందే నిర్ణయించుకుని, పని తరువాత ఆలోచించే ఈ రాజధానిలో ఆ పాలిథిన్ ముక్కను ఎక్కడెక్కడ అంటించి చూడాలా అని తిరుగు ప్రయాణం పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాను.